సామాజిక రేడియో – యువజనుల ప్రజావాణి: తెలుగు ప్రాంతముల అనుభవముపై ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతము

ధర్మవరము, పెనుకొండ, పుట్టపర్తి పట్టణముల నడుమ ఉన్న మండల కేంద్రము కొత్తచెరువు. ఒకప్పుడు అనంతపురము జిల్లాలోను, 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న ఈ మండలము వర్షాధారపు సేద్యమునకు, వేరుశనగకు, తరచు వచ్చు కరువునకు, బెంగళూరు వలసలకు పేరుపడిన ప్రాంతములోనిది. ఇక్కడి యువతీ యువకులకు చెప్పుకొనవలసిన సంగతులు చాలా ఉన్నవి. ఉపాధి పని దినములు ఎన్ని ఇచ్చినారు, కూలి ఎప్పుడు చేతికి వచ్చినది, బోరు ఎందుకు ఎండినది, ఊరి బడిలో పంతులు ఉన్నాడా లేడా, ఏ వాడకు నీళ్ళు వచ్చుచున్నవి, ఏ వాడకు రావడము లేదు – ఇవన్నీ ఇంటి అరుగు మీద మాటలాడుకొను విషయములే. అయితే వాటిని అందరు వినునట్లు, తమ పేరుతో, తమ యాసలో చెప్పు స్థలము ఏది?

ఈ ప్రశ్నకు గత ముప్పది సంవత్సరములలో తెలుగు ప్రాంతములు ఇచ్చిన జవాబులలో సామాజిక రేడియో ఒకటి. ప్రభుత్వము నడుపునది కాక, లాభము కొరకు వ్యాపారులు నడుపునది కాక, ఒక చిన్న ప్రాంతపు ప్రజలు తమ కొరకు తాము నడుపుకొను రేడియోకు సామాజిక రేడియో అని పేరు. దాని చరిత్రను సాధారణముగా అనుమతుల చరిత్రగా వ్రాయుదురు: ఫలానా సంవత్సరములో న్యాయస్థానము తీర్పు, ఫలానా సంవత్సరములో ప్రభుత్వ విధానము. ఆ వరుస తప్పు కాదు గాని అది సగము మాత్రమే. అనుమతి రాకముందే మాటలాడుట నేర్చుకొన్నవారి చరిత్ర మిగిలిన సగము. ఆ రెండవ సగమును ముందుకు తెచ్చి, అది కొత్తచెరువు వంటి ప్రాంతమునకు ఏమి నేర్పుచున్నదో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

2. పూర్వరంగము: వినువారు, పలుకువారు

మన దేశములో యువజనులు రేడియోను రాజకీయ సాధనముగా చేపట్టిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1942 నాటిది. క్విట్ ఇండియా ఉద్యమ కాలములో నాయకులందరు చెరసాలలో ఉండగా, బొంబాయిలో ఉషా మెహతా అను ఇరువది రెండేండ్ల విద్యార్థిని తన సహచరులతో కలిసి రహస్యముగా కాంగ్రెస్ రేడియోను నడిపినది. ఆగస్టులో మొదలైన ఆ ప్రసారము, పోలీసులకు పట్టుబడకుండా చోటు మార్చుకొనుచు నవంబరు వరకు సాగినది. ఆమెకు నాలుగేండ్ల కారాగార శిక్ష పడినది. పరాయి ప్రభుత్వము ఆ చిన్న యంత్రమునకు ఎంత జంకినదో ఈ శిక్షయే చెప్పుచున్నది.

స్వాతంత్ర్యము తరువాత రేడియో పల్లెకు వచ్చినది. పంచాయతీ కార్యాలయములో ఒక రేడియో పెట్టె, దానికి ఒక మైకు, సాయంకాలము చెట్టు క్రింద కూర్చుండి వినువారు – ఈ దృశ్యము నేటి పెద్దలకు జ్ఞాపకమే. అయితే అక్కడ ఊరు వినునదే గాని పలుకునది కాదు. 1969లో ఆకాశవాణి ఢిల్లీ కేంద్రము నుండి యువవాణిని ప్రారంభించినది. తరువాత ఇతర కేంద్రములలో కూడ ఆ పేరుతో కార్యక్రమములు వచ్చినవి. అనేకమంది తెలుగు యువకులు మొదటిసారి మైకు ముందు కూర్చున్నది అందులోనే. అది మేలైన ప్రయత్నము. అయినను ఎవరిని పిలువవలెను, ఏ విషయము మాటలాడవలెను అను నిర్ణయము కేంద్రపు అధికారులదే. యువజనులు అక్కడ అతిథులు, గృహస్థులు కారు.

ఇతర దేశములలో ఈ భేదము ముందుగానే స్పష్టమైనది. 1947లో కొలంబియా దేశములోని సుతతెంసా అను కొండ గ్రామములో ఒక యువ కథోలిక గురువు చిన్న రేడియోను స్థాపించి రైతులకు చదువు చెప్పించినాడు. అది పెరిగి పెద్ద సంస్థ అయి, లక్షలాది గ్రామస్థులకు అక్షరములు నేర్పినది. ఇంచుమించు అదే కాలములో బొలీవియా గనుల కార్మికులు తమ సంఘముల చందాలతో సొంత రేడియోలు పెట్టుకొన్నారు. మొదటి దానిలో పాఠము పైనుండి క్రిందికి దిగినది. రెండవ దానిలో కార్మికుడు తన సమ్మె గురించి తానే పలికినాడు. రెండును ప్రజలకు మేలు చేసినవే. కాని మైకు ఎవరి చేతిలో ఉన్నది అను ప్రశ్నకు ఆ రెండింటి జవాబు ఒకటి కాదు. తెలుగునాట జరిగిన దానిని అర్థము చేసుకొనుటకు ఈ భేదము అక్కరకు వచ్చును.

3. ఆకాశము ఎవరిది?

1995 ఫిబ్రవరి 9న భారత సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పు ఇచ్చినది. వ్యాజ్యము క్రికెట్ ఆటల ప్రసార హక్కులను గూర్చినది. ఒకవైపు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ, మరియొకవైపు బెంగాల్ క్రికెట్ సంఘము. పల్లెకు దానితో ఏమి పని అని అనిపించవచ్చును. అయితే న్యాయమూర్తులు పి.బి. సావంత్, ఎస్. మోహన్, బి.పి. జీవన్ రెడ్డి ఆ సందర్భములో ఒక మూల సూత్రమును స్థిరపరచినారు: ప్రసార తరంగములు ప్రజల ఆస్తి, వాటిని ప్రజాహితము కొరకు వినియోగింపవలెను. వేరుగా తీర్పు వ్రాసిన జస్టిస్ జీవన్ రెడ్డి తెలుగువారగుట ఇక్కడ గమనింపదగినది.

ఆ సూత్రమును పట్టుకొని 1996లో బెంగళూరులోను, 2000 జూలైలో మెదకు జిల్లా పస్తాపూర్‌లోను సమావేశములు జరిగినవి. ప్రభుత్వ రేడియో, వ్యాపార రేడియో కాక మూడవ వర్గముగా ప్రజల రేడియోను గుర్తింపవలెనని పస్తాపూర్ ప్రకటన కోరినది. దేశ స్థాయి చర్చ ఒక తెలుగు పల్లె పేరుతో పిలువబడుట యాదృచ్ఛికము కాదు. ఆ పల్లె పరిసరములలో అప్పటికే కొందరు స్త్రీలు రేడియో కార్యక్రమములు తయారు చేయుచుండిరి.

4. ఓర్వకల్లు, బూదికోట: అనుమతి లేని మాట

రాయలసీమకు ఈ చరిత్రలో ఒక చేదు అధ్యాయము కలదు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘముల మహిళలు ‘మన రేడియో’ అను పేరుతో తక్కువ శక్తి గల ప్రసారమును ప్రారంభించినారు. ఊరివారే మాటలాడి, ఊరివారే వినిన రేడియో అది. కొద్ది నెలలకే, 2003లో, అది చట్టవిరుద్ధమని చెప్పి కేంద్ర అధికారులు దానిని మూయించినారు. తరంగములు ప్రజల ఆస్తి అని తీర్పు వచ్చి అప్పటికి ఎనిమిదేండ్లు. ప్రజల ఆస్తిని ప్రజలు వాడుకొనుటకు మార్గము మాత్రము ఇంకను ఏర్పడలేదు.

అదే కాలములో హిందూపురమునకు ఆగ్నేయమున, తెలుగు కన్నడములు కలిసి వినిపించు కోలారు జిల్లాలోని బూదికోటలో మరియొక ఉపాయము కనుగొన్నారు. గాలిలో పంపుటకు అనుమతి లేదు గనుక, టెలివిజన్ కేబుల్ తీగల గుండా ధ్వనిని ఇండ్లకు పంపినారు. ‘నమ్మ ధ్వని’ అను ఈ కేంద్రమును వాయిసెస్, మైరాడా అను సంస్థలు యునెస్కో సహాయముతో ప్రోత్సహించగా, ఊరి యువజనులు, మహిళా సంఘములు కార్యక్రమములు చేసినారు. చట్టము గాలిని ఆపినది గాని తీగను ఆపలేదు.

దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరములో ఇట్టిదే జరిగినది. వర్ణ వివక్ష కాలములో 1980లలో అక్కడి కార్యకర్తలు ఉపన్యాసములు, పాటలు, చర్చలు క్యాసెట్లలో నింపి చేతులు మార్చినారు. 1993లో ధైర్యము చేసి అనుమతి లేకుండ ప్రసారము చేయగా అధికారులు యంత్రములను పట్టుకొన్నారు. 1995లో అనుమతి వచ్చినది. అదియే బుష్ రేడియో. పిల్లలకు, యువజనులకు మైకు పని నేర్పి వారిచేత కార్యక్రమములు చేయించుట దాని ప్రత్యేకత. ఓర్వకల్లుకు, బుష్ రేడియోకు ఉన్న తేడా ఏమనగా, ఒకటి మూతబడిన తరువాత మరల తెరువబడినది, మరియొకటి ఆ రూపములో తెరువబడలేదు. అందుకు ఓర్వకల్లు స్త్రీల అసమర్థత కారణము కాదు. వారు మాటలాడిన నాటికి చట్టములో వారికి చోటు లేకపోవుటయే కారణము.

5. మాచనూరు: పదేండ్ల క్యాసెట్లు

మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతములో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి దళిత మహిళా సంఘములతో పని చేయుచుండినది. జొన్న, కొర్ర, పప్పు ధాన్యముల సేద్యము, విత్తనముల భద్రత, గ్రామ ధాన్యనిధి వారి ప్రధాన కార్యములు. 1990ల చివర యునెస్కో సహాయముతో మాచనూరులో ఒక చిన్న రికార్డింగు కేంద్రము ఏర్పడినది. ప్రసారమునకు అనుమతి లేదు. ఉన్నది గది, మైకు, రికార్డు యంత్రము మాత్రమే.

ఆ గదిని నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను ఇద్దరు యువ దళిత స్త్రీలు. సంఘములలో తిరిగి వారి మాటలు, పాటలు, వాదములు రికార్డు చేసినారు. క్యాసెట్లను సంఘ సమావేశములలో వినిపించినారు. విన్నవారి అభిప్రాయములను మరల రికార్డు చేసినారు. ఇట్లు ఇంచుమించు పదేండ్లు గడచినవి. బయటనుండి చూచినవారికి ఇది ప్రసారము లేని రేడియో, నీరు లేని బావి వంటిదని తోచవచ్చును. నిజమునకు ఆ పదేండ్లలో జరిగిన పని మూడు విధములు. మొదటిది, ప్రశ్న అడుగుట నేర్చుకొనుట: తమ కంటె పెద్దవారిని, పై కులమువారిని, అధికారిని తడబడక అడుగుట. రెండవది, తమ యాసను నమ్ముకొనుట. పుస్తకపు తెలుగు రానివారు మైకు ముందు నోరు విప్పరాదను భావము పోయినది. మూడవది, విన్నదానికి బాధ్యత వహించుట. తప్పు చెప్పినచో మరునాడు అదే ఊరిలో, అదే బావి దగ్గర జవాబు చెప్పవలసి యుండెను.

2006 నవంబరులో కేంద్ర ప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకు కూడ సామాజిక రేడియో అనుమతి ఇచ్చుటకు నిర్ణయించినది. 2008 అక్టోబరు 15న మాచనూరు నుండి సంఘం రేడియో 90.4 ఎఫ్.ఎం. ప్రసారము ప్రారంభమైనది. దానిని ప్రారంభించినవారు 1995 తీర్పు వ్రాసిన జస్టిస్ పి.బి. సావంత్. పదమూడేండ్ల క్రితము కాగితము మీద పెట్టిన సూత్రము ఒక పల్లె గదిలో ధ్వనిగా మారుటను ఆయన తన కన్నులతో చూచినారు. రాత్రి పూట, పొలము పని, వంట పని ముగిసిన తరువాత ప్రసారము చేయుట వారి పద్ధతి. కాలమును సైతము తమ జీవితమును బట్టి నిర్ణయించుకొన్నారు.

6. విద్యాలయ రేడియోలు

2002 చివర కేంద్ర ప్రభుత్వము మొదట విద్యాసంస్థలకు మాత్రమే ఈ అనుమతిని ఇచ్చినది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయములో దేశపు మొదటి విద్యాలయ రేడియో మొదలైనది. తెలుగునాట భీమవరములోని విష్ణు మహిళా ఇంజనీరింగు కళాశాల రేడియోను, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయములోని బోల్ హైదరాబాద్‌ను విద్యార్థులు నడిపినారు. 2011లో ఆ విశ్వవిద్యాలయములోనే సామాజిక మాధ్యమములపై యునెస్కో పీఠము ఏర్పడినది.

యువజనుల సంఖ్యను బట్టి చూచినచో ఈ రేడియోలే ముందుండును. అయితే ఒక బలహీనత ఉన్నది. విద్యార్థి మూడు నాలుగేండ్లకు వెళ్ళిపోవును. చుట్టుప్రక్కల పల్లెతో సంబంధము కొత్తవారు మరల మొదటినుండి కట్టుకొనవలెను. మాచనూరు కేంద్రములో పని చేసినవారు మాత్రము ఆ ఊళ్ళలోనే పెరిగి, అక్కడనే నిలిచినవారు. సంస్థ యొక్క బలము, ఊరి యొక్క నిలకడ రెండును కలిసిన చోట యువజనుల మాటకు ఎక్కువ ఆయుష్షు ఉండును.

7. ‘రాజకీయము’ అను మాట

2006 విధానములో మెచ్చదగిన నియమములున్నవి. కార్యక్రమములలో కనీసము సగము స్థానిక ప్రజల భాగస్వామ్యముతో తయారు కావలెను. స్థానిక భాషకు, యాసకు ప్రాధాన్యత ఇయ్యవలెను. రాజకీయ పక్షములకు, లాభార్జన సంస్థలకు అనుమతి లేదు. వీటితోపాటు మరియొక నియమము కూడ ఉన్నది: వార్తలు, వర్తమాన వ్యవహారములు, రాజకీయ స్వభావము గల కార్యక్రమములు ప్రసారము చేయరాదు. తరువాతి సవరణలలో ఆకాశవాణి వార్తలను ఉన్నది ఉన్నట్లుగా వినిపించుటకు వీలు కల్పించినారు గాని సొంత వార్తలకు కాదు. 2024లో మార్గదర్శకములు సవరింపబడి ప్రకటనల సమయము పెరిగినను ఈ నిషేధము తొలగలేదు.

ఎన్నికల ప్రచారము రాజకీయమని అందరు ఒప్పుకొందురు. మరి కూలి లెక్క? అనంతపురము జిల్లా చరిత్ర ఈ ప్రశ్నను సూటిగా మన ముందు పెట్టుచున్నది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఈ జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలో ప్రారంభమైనది. అదే సంవత్సరము జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగినది. కూలి కుటుంబములకు చెందిన చదువుకొన్న యువతీ యువకులు శిక్షణ పొంది, మస్టరు రోల్స్ చేతబట్టి ఇల్లిల్లు తిరిగి, ఎవరు ఎన్ని దినములు పని చేసినారు, ఎంత కూలి ముట్టినది అని అడిగి వ్రాసికొన్నారు. తరువాత గ్రామసభలో అందరి ముందు ఆ లెక్కలను బిగ్గరగా చదివినారు. చనిపోయినవారి పేరున కూలి పడినదా, పని చేయనివారి పేరు ఎక్కినదా అనునది ఊరందరి ఎదుట తేలినది. ఈ పద్ధతి తరువాత ఆంధ్రప్రదేశ్ అంతటికి ఒక ప్రత్యేక వ్యవస్థగా స్థిరపడినది.

ఇక్కడ రేడియో లేదు. ఉన్నది ఒక కాగితము, ఒక గొంతు, వినుటకు కూర్చున్న ఊరు. అయినను సామాజిక రేడియో చేయవలసిన పనియే అది. గ్రామసభలో చదువుటకు ప్రభుత్వమే ప్రోత్సహించిన లెక్కను రేడియోలో చదివినచో అది విజ్ఞానమా, వార్తయా, రాజకీయమా? నియమములోని మాటలు దీనికి స్పష్టమైన హద్దు గీయవు. హద్దు తెలియని చోట చిన్న సంస్థ జాగ్రత్త పడును. కూలి లెక్కను వదలి, పోషకాహారముపై ప్రసంగము పెట్టును. నిషేధము ఎవరిని శిక్షింపకపోయినను దాని ఫలితము ఆ విధముగా కనబడును.

మాచనూరు స్త్రీలు ఈ ఇరుకులోనే తమ దారి వేసికొన్నారు. వారు పార్టీల మాట ఎత్తలేదు. ఏ విత్తనము దాచవలెను, ఏ పంట నమ్మవలెను, పల్లెవారి తిండికి విలువ ఎందుకు తగ్గినది అని మాటలాడినారు. ఒక దళిత స్త్రీ తన యాసలో సేద్యమును గూర్చి రైతులకు చెప్పుట, వారు విని ప్రశ్న అడుగుట – ఏ పార్టీ పేరు లేకపోయినను అది ఊరిలోని అధికార సంబంధములను కదిలించునదే. నియమము మాటను నిషేధింపగలదు గాని ఎవరు మాటలాడుచున్నారు అనుదానిలో ఉన్న అర్థమును నిషేధింపలేదు.

8. కొత్తచెరువు పరిధిలో

కొత్తచెరువుకు ఆనుకొనియున్న పుట్టపర్తి నుండి 2001 నవంబరులో ఒక ఆధ్యాత్మిక రేడియో ఉపగ్రహము ద్వారా ఖండాంతరములకు ప్రసారము ప్రారంభించినది. ప్రపంచమునకు మాట పంపు సాంకేతిక శక్తి ఈ ప్రాంతమునకు కొత్త కాదు. సామాజిక రేడియో దిశ వేరు. 100 వాట్ల శక్తితో, పది పదిహేను కిలోమీటర్ల పరిధిలో, పొరుగువారికి మాత్రమే అది వినబడును. కొత్తచెరువులో అట్టి స్తంభము నిలిపినచో బుక్కపట్నము, పుట్టపర్తి దాని పరిధిలోనికి వచ్చును. ధర్మవరము, హిందూపురము రావు. ఈ చిన్నతనమే దాని విలువ. వినువాడు పలుకువానిని ఎరుగును.

నేడు చౌకయైన మొబైల్ డేటా వచ్చిన తరువాత ప్రతి యువకుని చేతిలో మైకు, కెమెరా రెండును ఉన్నవి గదా, ఇక రేడియో ఎందుకు అని అడుగువారున్నారు. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. అయితే ఫోనులో పెట్టిన వీడియో ఎవరికి చేరవలెనో నిర్ణయించునది దూరపు కంపెనీ లెక్క. అది ఎక్కడివారికో వినబడును, ప్రక్క వీధివారికి వినబడకపోవచ్చును. కోపము పుట్టించు మాట త్వరగా పాకును, కూలి లెక్క పాకదు. సామాజిక రేడియోలో ప్రసారమైన కార్యక్రమము యొక్క ప్రతిని మూడు నెలలు భద్రపరచవలెనని నియమము. అనగా పలికిన మాటకు పలికినవాడు జవాబుదారి. రాజకీయ శిక్షణలో యువజనులకు మొదట కావలసినది ఈ జవాబుదారీతనమే.

వలస వెళ్ళిన కుటుంబముల సంగతి కూడ ఆలోచింపవలెను. బెంగళూరులో కట్టడపు పనికి పోయిన యువకుడు సంవత్సరములో కొన్ని నెలలే ఊరిలో ఉండును. గ్రామసభ నాటికి అతడు లేడు. అతని అనుభవము, అక్కడి కూలి, అక్కడి వసతి, మోసపోయిన విధము ఊరివారికి తెలిసినచో తరువాత పోవువారికి మేలు. క్యాసెట్ల కాలములో మాచనూరు చేసిన పనిని నేడు ఫోను రికార్డింగుతో చేయవచ్చును. దానికి ఏ అనుమతియు అక్కరలేదు. పదిమంది కూర్చుండి విని, మాటలాడుకొని, మరల రికార్డు చేయుటకు ఒక గది, ఒక సాయంకాలము చాలును.

9. ముగింపు

పై పరిశీలన నుండి మూడు సంగతులు తేలుచున్నవి. ఒకటి, తెలుగునాట సామాజిక రేడియో అనుమతితో పుట్టలేదు. అనుమతి దాని వెనుక వచ్చినది. ఓర్వకల్లులో మాట ఉండియు అనుమతి లేక ఆగినది. మాచనూరులో మాట పదేండ్లు కాచుకొని, అనుమతి వచ్చిన దినమున సిద్ధముగా నుండినది. రెండు, యువజనులను అతిథులుగా పిలుచుటకును, వారి చేతికి మైకు అప్పగించుటకును చాలా దూరమున్నది. అప్పగించిన చోటనే వారు పౌరులుగా ఎదిగినారు. మూడు, రాజకీయమును మినహాయించిన రేడియో అని చట్టము తలచినను, కూలి, నీరు, విత్తనము, కులము అను విషయములు మినహాయింపుకు లొంగవు.

మనలో అనేకులము యువజనుల కొరకు మాటలాడుచున్నాము. వారు రాజకీయములను పట్టించుకొనుట లేదని విచారించుచున్నాము. బండ్లపల్లి ఉన్న జిల్లాలోనే, కూలివారి పిల్లలు మస్టరు రోల్ చేతబట్టి ఊరి ఎదుట నిలువబడి చదివిన సంగతిని మరచి అట్లు విచారింపరాదు. వారికి ఆసక్తి లేక కాదు, చదివిన దానిని వినుటకు కూర్చుండువారు తక్కువ. కొత్తచెరువులో రేడియో స్తంభము ఎప్పుడు లేచునో గాని, వినుటకు కూర్చుండు పని నేటి సాయంకాలమే మొదలుపెట్టవచ్చును.